పాలకొల్లు - పట్టణ సందర్శన

పాలకొల్లు, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన ఒక పట్టణం, మండల కేంద్రం. గోదావరి డెల్టా పశ్చిమ భాగంలో, వశిష్ఠ గోదావరి పాయకు సమీపంలో ఉన్నది. పంచారామాలలో ఒకటైన క్షీరారామం ఇక్కడ ఉండటం వలన ఇది ప్రసిద్ధ శైవక్షేత్రం. 17, 18వ శతాబ్దాలలో డచ్చి ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరంగానూ, 20వ శతాబ్దంలో కొబ్బరి వర్తక కేంద్రంగానూ పేరు పొందింది. తెలుగు నాటకరంగానికి, చలనచిత్ర రంగానికి పలువురు ప్రముఖులను అందించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 61,284.

పాలకొల్లుకు వచ్చే యాత్రికులలో ఎక్కువమంది ఆలయ దర్శనం చేసుకొని ఒకటి రెండు గంటలలో వెళ్ళిపోతారు. అయితే ఆలయం, కాలువ, కొబ్బరి రాశులు, వర్తక వీధులు కలిపి చూసినప్పుడే ఈ ఊరి చరిత్ర అర్థమవుతుంది. ఆ దృష్టితో పట్టణ విశేషాలను, సందర్శకులకు ఉపయోగపడే సమాచారాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పేరు వెనుక కథ

స్థలపురాణం ప్రకారం ఉపమన్యువు అనే బాలుడు పాల కొరకు శివుని ప్రార్థించాడు. శివుడు ప్రసన్నుడై తన త్రిశూలాన్ని నేలపై నాటగా, ఆ చోట పాలు ఉబికి వచ్చి కొలను ఏర్పడింది. ఆ కొలనును క్షీర పుష్కరిణి అంటారు. పాల కొలను కల ఊరు కనుక పాలకొలను అని, అదే క్రమంగా పాలకొల్లుగా మారిందని చెబుతారు. క్షీరపురి, ఉపమన్యుపురం, దుగ్ధోపవనపురం అనే సంస్కృత నామాలు కూడా ఈ కథను ఆధారం చేసుకొని ఏర్పడినవే.

ఐరోపా వర్తకుల లెక్కలలోనూ, పటాలలోనూ ఈ ఊరి పేరు పాలికోల్ అని కనిపిస్తుంది. చెన్నపట్నానికి ఉత్తరాన ఉన్న పులికాట్ కూడా డచ్చి స్థావరమే కావటం వలన పాత పుస్తకాలు చదివేవారు ఈ రెండు పేర్లనూ ఒకటిగా పొరబడే అవకాశం ఉన్నది.

ఉనికి, నైసర్గిక స్వరూపం

పాలకొల్లు నరసాపురానికి సుమారు 10 కిలోమీటర్లు, భీమవరానికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. పట్టణానికి తూర్పు దిక్కున వశిష్ఠ గోదావరి ప్రవహిస్తుంది. ఆ పాయకు ఆవలి ఒడ్డు కోనసీమ. దక్షిణాన నరసాపురం దాటిన తరువాత నది బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఈ ప్రాంతమంతా గోదావరి వేల సంవత్సరాలుగా మోసుకువచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడిన చదును నేల. కొండలు, గుట్టలు లేవు. నేల ఎత్తు సముద్రమట్టానికి కొద్ది మీటర్లు మాత్రమే ఉండటం వలన సాగునీరు పారించటం తేలిక, మురుగునీరు పోవటం కష్టం. అందువలన ఇక్కడ సాగునీటి కాలువలతో పాటు మురుగు కాలువలు (డ్రెయిన్లు) కూడా అంతే ముఖ్యం. వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు, చేపల చెరువులు పట్టణాన్ని చుట్టుకొని ఉంటాయి.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు పశ్చిమ గోదావరి జిల్లాకు ఏలూరు కేంద్రంగా ఉండేది. ఆ తేదీ నుండి ఏలూరు వేరే జిల్లా కాగా, పాలకొల్లు ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాకు భీమవరం కేంద్రం అయింది. నది ఆవలి ఒడ్డున ఉన్న రాజోలు, అమలాపురం ప్రాంతాలు అప్పుడే ఏర్పడిన కోనసీమ జిల్లాలోకి వచ్చాయి.

చరిత్ర

చాళుక్యుల కాలం

7వ శతాబ్దం నుండి ఈ ప్రాంతం తూర్పు చాళుక్యుల ఏలుబడిలో ఉన్నది. వారి రాజధాని మొదట వేంగి, ఆ తరువాత రాజమహేంద్రవరం. పాలకొల్లు రాజధాని కాకపోయినా, ఆ రాజ్యంలోని శైవక్షేత్రాలలో ఒకటిగా ప్రాముఖ్యత పొందింది. పంచారామాలలో పలు ఆలయాలకు చాళుక్య భీముని పేరు ముడిపడి ఉన్నది. క్షీరారామాన్ని కూడా ఆయనే కట్టించాడని ప్రతీతి. మొదటి చాళుక్య భీముడు 9వ శతాబ్దం చివర, 10వ శతాబ్దం మొదట పరిపాలించాడు. చాళుక్యుల తరువాత ఈ సీమ కాకతీయుల, రెడ్డిరాజుల, గజపతుల చేతులు మారి, 16వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్ షాహీల రాజ్యంలో చేరింది.

డచ్చి కంపెనీ

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. మిరియం, లవంగం, జాజికాయ వంటి సుగంధద్రవ్యాలు దొరికే ఆగ్నేయాసియా దీవులలో ఆ సరకులకు బదులుగా అక్కడివారు కోరుకున్నది భారతదేశపు నూలు బట్టలు. ఆ బట్టలు నేసే నేతగాండ్రు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో కోరమాండల్ తీరం ముఖ్యమైనది. అందువలన సుగంధద్రవ్యాల వర్తకం సాగాలంటే మొదట తెలుగు, తమిళ తీరాలలో బట్టలు కొనవలసి వచ్చింది. ఈ కారణంగానే డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరి, తరువాత కృష్ణా, గోదావరి డెల్టాలలోకి విస్తరించారు. పాలకొల్లులో వారి స్థావరం మొదలైన సంవత్సరంగా సాధారణంగా 1613ను పేర్కొంటారు.

పాలకొల్లు సముద్రపు ఒడ్డున లేదు. అయినా వర్తకులు దీనిని ఎంచుకోవటానికి తగిన కారణాలు ఉన్నాయి. చుట్టుపట్ల గ్రామాలలో నేతగాండ్రు, అద్దకపువారు ఉండటం మొదటిది. గోదావరి పాయ మీదుగా నరసాపురం రేవుకు సరకు చేర్చే వీలుండటం రెండవది. నరసాపురంలో 17వ శతాబ్దంలో ఓడల నిర్మాణం కూడా జరిగేది. ఐరోపా వర్తకులు సైతం అక్కడ ఓడలు కట్టించుకొనేవారు.

అప్పటి బట్టల వర్తకం బయానా పద్ధతిలో సాగేది. కంపెనీ స్థానిక వర్తకులకు ముందుగా సొమ్ము ఇచ్చేది. ఆ వర్తకులు నేతగాండ్రకు ఆ సొమ్ము పంచి, నూలు కొనిపించి, నిర్ణీత గడువులోగా నిర్ణీత కొలతల బట్టను తెచ్చి కంపెనీకి అప్పగించేవారు. నాణ్యత తగ్గిన బట్టను కంపెనీ తిరస్కరించటమో, ధర తగ్గించటమో జరిగేది. కరవు వచ్చి ధాన్యం ధర పెరిగినా, నూలు ధర పెరిగినా ఆ భారం చివరకు నేతగాని మీదనే పడేది. ఎఱుపు రంగుకు చిరువేరు, నీలి రంగుకు నీలిమందు వాడేవారు. కంపెనీ ఉద్యోగిగా కోరమాండల్ స్థావరాలలో పనిచేసిన డేనియల్ హవార్ట్ 1693లో ఈ తీరంలోని వర్తకపు ఎదుగుదలను, పతనాన్ని వివరిస్తూ డచ్చి భాషలో ఒక గ్రంథం ప్రచురించాడు.

నరసాపురానికి ఆనుకొని ఉన్న మాధవాయిపాలెంలో ఆంగ్లేయుల స్థావరం ఉండేది. ఆ ఊరి పేరు నుండే మడపొల్లం అనే బట్ట రకానికి పేరు వచ్చి, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల నిఘంటువులలో నిలిచిపోయింది. కొద్ది మైళ్ళ వ్యవధిలో రెండు ఐరోపా కంపెనీలు పోటీపడి బట్టలు కొన్నాయంటే అప్పటి నేత పరిశ్రమ స్థాయిని ఊహించవచ్చు.

18వ శతాబ్దంలో డచ్చివారి ప్రాబల్యం క్షీణించింది. నాలుగవ ఆంగ్ల - డచ్చి యుద్ధ సమయంలో, 1781లో, కోరమాండల్ తీరంలోని డచ్చి స్థావరాలను ఆంగ్లేయులు వశపరచుకొన్నారు. 1784 సంధి తరువాత నాగపట్నం తప్ప మిగిలిన వాటిలో చాలావరకు తిరిగి ఇచ్చారు. 1799 చివర డచ్చి కంపెనీ రద్దయింది. 1824లో లండనులో కుదిరిన ఒప్పందం ప్రకారం భారతదేశంలోని డచ్చి స్థావరాలన్నీ ఆంగ్లేయులకు దక్కగా, 1825లో అప్పగింత జరిగింది. దీనితో పాలకొల్లుతో డచ్చివారి సంబంధం ముగిసింది.

ఆనకట్ట తరువాత

డచ్చివారు వెళ్ళిపోయిన కొద్దికాలానికే ఈ ప్రాంతం తీవ్రమైన కష్టాలను ఎదుర్కొన్నది. ఇంగ్లండు మిల్లు బట్టల దిగుమతితో నేత పరిశ్రమ దెబ్బతిన్నది. 1830వ దశకంలో కరవు, తుపానులు గోదావరి మండలాన్ని కుదిపివేశాయి. పక్కనే నది సముద్రంలోకి పారిపోతున్నా పొలానికి నీరందని పరిస్థితి ఉండేది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ స్థితిని మార్చింది. పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం వద్ద నుండి నీరు అందుతుంది. అక్కడి నుండి వచ్చే కాలువల వ్యవస్థలోని నరసాపురం కాలువ పాలకొల్లు మీదుగా పోతుంది. పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ నిర్మాణం 1970లో మొదలై 1982లో పూర్తయింది.

ఈ కాలువలను సాగునీటి కొరకే కాక, పడవల రాకపోకల కొరకు కూడా రూపొందించారు. నీటిమట్టం మారే చోట్ల లాకులు కట్టారు. లాకు అనగా రెండు తలుపుల మధ్య ఉన్న తొట్టి వంటి కట్టడం. ఎగువ తలుపు తెరచి నీరు నింపితే పడవ పైకి లేస్తుంది, దిగువ తలుపు తెరచి నీరు వదిలితే కిందికి దిగుతుంది. ధాన్యం, కొబ్బరికాయలు, కట్టెలు, ప్రయాణికులు కూడా పడవలపైనే సాగేవారు. రైలు, ఆపై లారీలు వచ్చిన తరువాత పడవల రవాణా తగ్గి, 20వ శతాబ్దం ద్వితీయార్థంలో దాదాపు కనుమరుగైంది.

క్షీరారామలింగేశ్వర స్వామి దేవాలయం

పంచారామాలు అనగా అమరారామం (అమరావతి), ద్రాక్షారామం, సోమారామం (భీమవరం - గునుపూడి), క్షీరారామం (పాలకొల్లు), కుమారారామం (సామర్లకోట). పురాణకథ ప్రకారం తారకాసురుడు తన కంఠంలో ధరించిన శివలింగాన్ని కుమారస్వామి ఛేదించగా, అది అయిదు ముక్కలై అయిదు చోట్ల పడింది. వాటిలో శిరోభాగం పాలకొల్లులో పడగా, శ్రీమహావిష్ణువు దానిని ప్రతిష్ఠించాడని చెబుతారు. లింగం పైభాగం కొప్పు ఆకారంలో ఉండటం వలన స్వామిని కొప్పు లింగేశ్వరుడు అని కూడా పిలుస్తారు. త్రేతాయుగంలో సీతారాములు ఇక్కడ శివుని అర్చించినందున రామలింగేశ్వరుడనే పేరు కలిగిందని మరొక కథ ఉన్నది.

పంచారామాలలో ఈ ఆలయానికి ఉన్న ప్రత్యేకత దాని రాజగోపురం. తొమ్మిది అంతస్తులతో, సుమారు 120 అడుగుల ఎత్తున ఉన్న ఈ గోపురం, చదును నేల కావటం వలన చాలా దూరం నుండి కనిపిస్తుంది. ద్రాక్షారామం, సామర్లకోట ఆలయాలలో లింగం రెండు అంతస్తుల ఎత్తు ఉండగా, ఇక్కడి లింగం చిన్నది, తెల్లనిది. అందువలన భక్తులు గర్భగుడిలోని లింగాన్ని ఒకే అంతస్తు నుండి దర్శించుకొంటారు. ఆలయంలోని రాతి స్తంభాల మండపం, ప్రాకారంలోని ఉపాలయాలు కూడా చూడదగినవి.

శివరాత్రికి, కార్తీక మాసానికి ఇక్కడ ఉత్సవాలు జరుగుతాయి. కార్తీక మాసంలో ఒకేరోజు అయిదు ఆరామాలనూ దర్శించటం పుణ్యమని భక్తుల నమ్మకం. ఈ యాత్ర కొరకు రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ప్రతి సంవత్సరం ప్రత్యేక బస్సులు నడుపుతుంది. సాధారణంగా ఈ బస్సులు అమరావతిలో మొదలై భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం మీదుగా సామర్లకోట చేరుతాయి. ఆ మాసంలో ఆది, సోమవారాలలో రద్దీ విపరీతంగా ఉంటుంది. శిల్పాలను, మండపాన్ని తీరికగా చూడదలచినవారు మిగిలిన రోజులలో రావటం మంచిది.

డచ్చివారి జాడలు

డచ్చివారు పాలకొల్లుతో రెండు శతాబ్దాలకు పైగా సంబంధం కలిగి ఉన్నా, ఆ కాలాన్ని గుర్తుచేసే పెద్ద కట్టడమేదీ పట్టణంలో సందర్శకులకు కనిపించదు. భీమునిపట్నంలోని డచ్చి శ్మశానవాటిక, పులికాట్‌లో చెక్కడాలతో కూడిన సమాధులు, మచిలీపట్నం బందరు కోట నేటికీ సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. పాలకొల్లుకు ఆ అదృష్టం కలగలేదు.

దీనికి కొన్ని కారణాలు చెప్పవచ్చు. పాలకొల్లు స్థావరం ప్రధానంగా బట్టల కొనుగోలుకు, అద్దకానికి ఏర్పడినది. రాతి కోటలతో కూడిన రేవు పట్టణం కాదు. డెల్టాలో రాయి దొరకదు. ఇటుక, సున్నం, కలపతో కట్టిన భవనాలు ఇక్కడి వానలకు, తుపానులకు ఎక్కువకాలం నిలవవు. పాడుపడిన కట్టడాల ఇటుకలను కొత్త ఇళ్ళకు వాడుకోవటం డెల్టా గ్రామాలన్నిటా ఉన్న అలవాటే. మద్రాసు రాజధానిలోని డచ్చి కంపెనీ కట్టడాల గురించి పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రియా 1897లో ఒక సచిత్ర గ్రంథం ప్రచురించాడు. అటువంటి గ్రంథాలు, నెదర్లాండ్స్ జాతీయ భాండాగారంలోని కంపెనీ దస్తావేజులు మాత్రమే ఆనాటి జీవితాన్ని తెలుసుకొనేందుకు ఆధారాలుగా మిగిలాయి.

ఇందువలన కలిగిన నష్టం భవనాలకు మాత్రమే పరిమితం కాదు. కంపెనీ దస్తావేజులు వర్తకుని కోణం నుండి వ్రాసినవి. వాటిలో ఎన్ని మూటల బట్ట కొన్నారో, ఎంత ధర ఇచ్చారో ఉంటుంది. ఆ బట్టను నేసినవారి జీవితం చాలా తక్కువగా కనిపిస్తుంది. ఊరిలో పాత వీధుల పేర్లు, కుటుంబాల వృత్తులు, పెద్దలు చెప్పుకొనే సంగతులు నమోదు చేస్తే ఆ లోటు కొంతవరకు తీరుతుంది. స్థానిక పాఠశాలల, కళాశాలల విద్యార్థులు చేపట్టదగిన పని ఇది. ఒక తరం గడచిపోతే ఆ ఆధారం కూడా మిగలదు.

కొబ్బరి వర్తకం

కోనసీమలోని అంబాజీపేట, పశ్చిమాన పాలకొల్లు గోదావరి డెల్టాలో ప్రధానమైన కొబ్బరి మార్కెట్లు. ఇక్కడి నుండి కాయలు లారీలలో ఉత్తరాది రాష్ట్రాలకు వెళ్తాయి. దసరా, దీపావళి, ఛఠ్ పండుగల ముందు గిరాకీ పెరుగుతుంది. మిగిలిన రోజులలో కేరళ, తమిళనాడు, కర్ణాటకలలో దిగుబడి ఎలా ఉన్నదో దానిని బట్టి ఇక్కడి ధర మారుతుంది.

కొబ్బరికాయ చెట్టు నుండి లారీ వరకు చేరటంలో పలువురి శ్రమ ఉంటుంది. చెట్టెక్కి కాయలు కోసేవారిని దింపు కార్మికులు అంటారు. దింపిన కాయలను ఒకచోట పోస్తే దానిని రాశి అంటారు. నేలలో పాతిన గునపానికి కాయను గుచ్చి డొక్క ఒలిచేవారు ఒలుపు కార్మికులు. పరిమాణాన్ని బట్టి కాయలను ఏరి, గోతాలకు ఎత్తి, లారీలకు ఎగుమతి చేసేవారు వేరు. చిప్పతో సహా నెలల తరబడి నిలవచేసి ఎండబెట్టిన కాయ లోపల కొబ్బరి గుండుగా విడివడుతుంది. దీనిని కురిడీ అంటారు. డొక్క నుండి పీచు తీసి తాళ్ళు, పరుపులు, చాపలు తయారు చేస్తారు. పీచు తీయగా మిగిలిన పొట్టును నర్సరీలలో మొక్కల పెంపకానికి వాడుతారు. చిప్పను బొగ్గుకు ఉపయోగిస్తారు. అంటే కాయలో వృథాగా పోయే భాగం దాదాపు లేదు.

ఈ వర్తకానికి పలుమార్లు ఎదురుదెబ్బలు తగిలాయి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు నేలకూలాయి. కొబ్బరిచెట్టు కాపుకు రావటానికి అయిదారు సంవత్సరాలు పడుతుంది కనుక ఆ నష్టం ఒక్క సంవత్సరంతో తీరలేదు. తరువాతి సంవత్సరాలలో ఈరియోఫిడ్ నల్లి, 2016 తరువాత సర్పిలాకార తెల్లదోమ తోటలను పట్టి పీడించాయి. తోటలలో అంతరపంటలుగా అరటి, కోకో, కంద, పసుపు వేయటం రైతుకు కొంత ఊరట కలిగించింది. చెట్టెక్కే వృత్తిలోకి యువకులు రాకపోవటం వలన దింపు కార్మికుల కొరత ఏర్పడి, కూలి ఖర్చు పెరిగింది.

పాలకొల్లు వచ్చినవారు ఉదయం పూట కొబ్బరి కొట్ల వైపు వెళితే ఒలుపు, ఏరుడు, ఎగుమతి పనులు చూడవచ్చు. ఇవి పనిచేసే స్థలాలు, ప్రదర్శనశాలలు కావు. కొట్టు యజమాని అనుమతి తీసుకొని, పనివారికి అడ్డు రాకుండా చూడటం మర్యాద.

కాలువలు, నీటి సమస్య

పాలకొల్లుకు కాలువే జీవనాధారం. పొలాలకు, చెరువులకు, తాగునీటి పథకాలకు నీరు కాలువ నుండే రావాలి. సముద్రానికి దగ్గరగా ఉండటం వలన ఈ ప్రాంతంలోని చాలాచోట్ల భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. బోరు వేసినా అన్నిచోట్లా మంచినీరు పడదు. ప్రతి వేసవిలో మరమ్మతుల కొరకు డెల్టా కాలువలు కట్టివేస్తారు. దీనినే కాలువలు కట్టే రోజులు అంటారు. అప్పటికి మంచినీటి చెరువులు నింపుకొని ఉండకపోతే జూన్‌లో నీరు వదిలే వరకు ఇబ్బంది తప్పదు.

ఎగువన ఉన్న ఊళ్ళ మురుగు, చెత్త కాలువలలో కలవటం వలన దిగువన ఉన్న పట్టణాలకు చేరే నీరు కలుషితమవుతున్నది. వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారటం మరొక పరిణామం. చెరువుల వలన రైతుల ఆదాయం పెరిగింది. అయితే రొయ్యల చెరువులలోకి ఉప్పునీరు తోడటం, వాడిన నీటిని మురుగు కాలువలలోకి వదలటం వలన ప్రక్కన వరి వేసే రైతుకు, తాగునీటికి నష్టం కలుగుతున్నదనే వివాదం జిల్లా అంతటా ఉన్నది. కాటన్ కాలువలు డెల్టాకు తెచ్చిన సంపదను నిలుపుకోవటం నేటి తరం ముందున్న పెద్ద పని. పట్టణంలోని లాకుల వద్ద నిలుచున్న సందర్శకునికి, పడవలు తిరిగిన కాలువ నేడు ఏ స్థితిలో ఉన్నదో స్వయంగా కనిపిస్తుంది.

కళారంగం

పాలకొల్లు పరిసరాలలో పౌరాణిక, సాంఘిక నాటకాలకు మంచి ఆదరణ ఉండేది. పంట చేతికి వచ్చిన తరువాత రైతుల వద్ద డబ్బు, తీరిక రెండూ ఉండటం, నాటక పరిషత్తులు పోటీలు నిర్వహించటం ఇందుకు తోడ్పడ్డాయి. ఈ రంగస్థల వాతావరణం నుండి పలువురు చలనచిత్ర రంగంలో ప్రవేశించారు.

అల్లు రామలింగయ్య (1922 - 2004): హాస్యనటుడు. రంగస్థలంపై పేరు తెచ్చుకొని, 1953లో విడుదలైన పుట్టిల్లు చిత్రంతో సినిమాలలో ప్రవేశించాడు. 1990లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నాడు.
చలం: 1960, 70 దశకాలలో కథానాయకునిగా, హాస్యపాత్రలలో నటించాడు.
దాసరి నారాయణరావు (మరణం 2017 మే 30): దర్శకుడు, రచయిత, నటుడు. 150కి పైగా చిత్రాలకు దర్శకత్వం వహించాడు. ప్రేమాభిషేకం (1981), మేఘసందేశం (1982) ఆయన ప్రసిద్ధ చిత్రాలలో కొన్ని. కేంద్రమంత్రిగా కూడా పనిచేశాడు.
కోడి రామకృష్ణ (1949 - 2019): దర్శకుడు. 1982లో ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య చిత్రంతో దర్శకుడయ్యాడు. అమ్మోరు (1995), అరుంధతి (2009) చిత్రాల ద్వారా గ్రాఫిక్స్ వినియోగానికి పేరు పొందాడు.

ఆహార విశేషాలు

పాలకొల్లు ప్రాంతంలో దిబ్బరొట్టె ప్రసిద్ధమైన ఫలహారం. మినపప్పు రుబ్బిన పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో దళసరిగా పోసి, మూతపెట్టి సన్నని సెగపై కాలుస్తారు. అడుగు, అంచులు ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. దీనిని అల్లం పచ్చడితోనో, బెల్లం లేక చెరకు పానకంతోనో తింటారు. నిదానంగా కాలవలసిన వంటకం కనుక ఫలహారశాలలలో కొంతసేపు వేచి ఉండవలసి వస్తుంది. గోదావరి చేపల పులుసు, కొబ్బరితో చేసే మిఠాయిలు కూడా ఈ ప్రాంతంలో సామాన్యం.

రవాణా సౌకర్యాలు

రైలు మార్గం: భీమవరం - నరసాపురం మార్గంలో పాలకొల్లు స్టేషను ఉన్నది. విజయవాడ వైపు నుండి గుడివాడ, భీమవరం మీదుగా, విశాఖపట్నం వైపు నుండి నిడదవోలు, భీమవరం మీదుగా రావచ్చు. నరసాపురం ఈ మార్గంలో చివరి స్టేషను.
రోడ్డు మార్గం: కత్తిపూడి నుండి ఒంగోలు వరకు తీరం వెంబడి పోయే 216వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగా వెళ్తుంది. చించినాడ వద్ద వశిష్ఠ గోదావరిపై ఉన్న వంతెన పాలకొల్లును కోనసీమతో కలుపుతుంది. ఈ వంతెన రాక ముందు నదిని దాటటానికి రేవులే దిక్కు. భీమవరం, నరసాపురం, తణుకు, రాజమండ్రి పట్టణాలకు బస్సులు ఉన్నాయి.
విమాన మార్గం: రాజమండ్రి (మధురపూడి), విజయవాడ (గన్నవరం) విమానాశ్రయాలు అందుబాటులో ఉన్నాయి.

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు సందర్శనకు అనుకూలమైన కాలం. ఏప్రిల్, మే నెలలలో ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. అక్టోబరు, నవంబరు నెలలలో తుపాను హెచ్చరికలను గమనించి ప్రయాణం నిర్ణయించుకోవాలి. జూలై, ఆగస్టు నెలలలో గోదావరికి వరదలు వచ్చినప్పుడు లంక గ్రామాలకు రాకపోకలు నిలిచిపోతాయి. 1986, 2022 సంవత్సరాల వరదలు ఇందుకు ఉదాహరణలు.

పరిసరాలలో చూడదగినవి

నరసాపురం: అల్లిక లేసు పరిశ్రమకు ప్రసిద్ధి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని వేలాది స్త్రీలకు ఇంటివద్ద ఉపాధి కల్పించింది. వారి శ్రమ, అందుకు లభించే తక్కువ ప్రతిఫలం గురించి జర్మనీకి చెందిన మరియా మీస్ 1982లో ప్రచురించిన పరిశోధన గ్రంథం అంతర్జాతీయంగా ప్రసిద్ధి చెందింది.
ఆచంట: రామేశ్వరస్వామి ఆలయంలో కార్తీక పౌర్ణమినాడు వెలిగించే అఖండజ్యోతికి ప్రసిద్ధి.
మార్టేరు: ఇక్కడి వరి పరిశోధన కేంద్రం 1925లో ఏర్పడింది. దేశంలో విస్తారంగా సాగైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) వరి రకం ఇక్కడ రూపొందినదే.
పెనుగొండ: వాసవీ కన్యకా పరమేశ్వరి ఆలయం.
దిండి: చించినాడ వంతెన ఆవలి ఒడ్డున కొబ్బరితోటల నడుమ ఉన్న విహారస్థలం. పడవ విహారానికి అవకాశం ఉన్నది.
అంతర్వేది: వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం.
పేరుపాలెం: సముద్రతీరం. స్నానాలకు దిగేవారు అలల ఉధృతిని గమనించి జాగ్రత్త వహించాలి.

ఉదయం ఆలయ దర్శనం, తరువాత కొబ్బరి కొట్లు, లాకులు చూసి, మధ్యాహ్నం నరసాపురం లేక దిండి వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆచంట, మార్టేరు, పెనుగొండ ఒకే వైపున ఉండటం వలన వాటికి రెండవ రోజు కేటాయించుకోవటం సౌకర్యంగా ఉంటుంది.

ఇవి కూడా చూడండి

పంచారామాలు
తూర్పు చాళుక్యులు
డచ్చి ఈస్టిండియా కంపెనీ
ధవళేశ్వరం ఆనకట్ట
కోనసీమ
నరసాపురం